ఆక్సలాటల్‌కు ఏం పెట్టాలి?



తోకకప్పను చూడనివాళ్ళు మనలో ఉండరు. వానలు పడగానే చెరువు గట్టున, మడుగుల్లో నల్లగా తోకలాడిస్తూ తిరిగే ఆ పిల్లలకు కొన్నాళ్ళకు కాళ్ళొస్తాయి, మొప్పలు పోతాయి, తోక పోతుంది, కప్పయి గట్టెక్కుతాయి. అలా గట్టెక్కకుండా, బతికినన్నాళ్ళూ మొప్పలతో నీళ్ళలోనే ఉండిపోయి, ఆ పిల్లరూపంలోనే గుడ్లుపెట్టి సంసారం చేసే జీవి ఒకటుంది. దాని పేరు ఆక్సలాటల్. పుట్టిల్లు మెక్సికో దేశం. తలకు రెండువైపులా మూడేసి చొప్పున ఈకల్లాంటి మొప్పలు, నాలుగు పొట్టి కాళ్ళు, చదునైన తోక, ఎప్పుడూ నవ్వుతున్నట్టు కనిపించే వెడల్పాటి నోరు. జానెడు, ఇంకాస్త ఎక్కువ పొడుగు పెరుగుతుంది. సరిగ్గా చూసుకుంటే పది పదిహేనేళ్ళు బతుకుతుంది. దుకాణాల్లో దీన్ని 'నడిచే చేప' అని అమ్ముతుంటారు గానీ ఇది చేప కాదు, కప్పకు దూరపు చుట్టం.

మెక్సికో జీవితో చెన్నైలో, తిరుత్తణిలో, సూళ్ళూరుపేటలో ఉన్న మనకేం పని అని మీరు అడగవచ్చు. 1985లో కాలిపోయిన మూర్ మార్కెట్టులో చిలకల్నీ, తెల్ల ఎలుకల్నీ, బంగారు చేపల్నీ కొనుక్కున్న తాతల మనవలు ఇవాళ కొళత్తూరు రంగుచేపల దుకాణాలకు వెళ్ళి ఆక్సలాటల్ కావాలంటున్నారు. 2021లో మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలో ఈ జీవి బొమ్మను చేర్చారు. అప్పటినుంచి దీని పేరు తెలియని బడిపిల్లవాడు అరుదు. కనుక కొన్ని ఇళ్ళలోకి ఇది వచ్చేసింది. వచ్చాక తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న, "దీనికేం పెట్టాలి?" అని.

ఈ ప్రశ్నకు జవాబు తేలిక. ఎర్రలు పెట్టాలి. గాలం వేసేవాళ్ళు కొక్కేనికి గుచ్చే ఎర్రలే, వానపాములు, తమిళంలో మణ్పుళు. అయితే ఈ ప్రశ్నకు ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది. దాన్ని అడగకపోవడం వల్లనే మన ఊళ్ళల్లో చాలా ఆక్సలాటళ్ళు తిండి ముందున్నా తినకుండా చిక్కిపోతున్నాయి. ఆ ప్రశ్న, తొట్టిలో నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయి అని.

దీని సొంత ఊరు సోచిమిల్కో. మెక్సికో నగరానికి దక్షిణపు అంచున ఉన్న కాలువలు. సముద్రమట్టానికి రెండువేల మీటర్లకు పైన ఉన్న చోటు కనుక అక్కడి నీళ్ళు ఏడాది పొడుగునా చల్లగా ఉంటాయి. దీని ఒంటికి పదహారు నుంచి పద్ధెనిమిది డిగ్రీల సెల్సియస్ హాయి. ఇరవై దాటితే ఇబ్బంది మొదలు, ఇరవైనాలుగు దాటితే ప్రమాదం. మరి చెన్నై సంగతి? 2003 మే 31న ఇక్కడ నలభై అయిదు డిగ్రీల ఎండ కాసింది. అంత దూరం పోనక్కరలేదు. మార్గశిర మాసపు తెల్లవారుజామున, మనం చెవులకు మఫ్లరు చుట్టుకునే రోజుల్లో కూడా ఇక్కడ వేడిమి ఇరవై డిగ్రీల దగ్గరే ఉంటుంది. అంటే మనకు వణుకు పుట్టించే చలి దానికి ఉక్కపోతకు ఆరంభమన్నమాట.

ఇది తిండి సంగతి ఎలా అవుతుందంటే, ఆక్సలాటల్ చల్లని రక్తపు జీవి. నీళ్ళ వేడే దాని ఒంటి వేడి. నీళ్ళు వేడెక్కితే ఒంటిలో ఖర్చు పెరుగుతుంది, నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. ఆకలి చచ్చిపోతుంది. బలవంతంగా పెట్టింది అరగక కక్కేస్తుంది. వంటిమీద దూదిలాగా బూజు పడుతుంది. ఇంట్లోవాళ్ళేమో "ఈ తిండి నచ్చలేదు కాబోలు" అని ఇంకొకటి తెచ్చి వేస్తారు, అదీ తినకపోతే మరొకటి.

నా విద్యార్థి ఒకడి ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. వేసవి సెలవులకు ముందు ఆ పిల్లవాడి తల్లి బడికి వచ్చి, "టీచరమ్మా, ట్యూబిఫెక్స్ వేశాం, కోడి కార్జం వేశాం, బతికున్న గప్పీ చేపలు వేశాం, వారం నుంచి ముట్టడం లేదు, ఇంకేం వేయమంటారు?" అన్నారు. బడి లేబొరేటరీలోని థర్మామీటరు పిల్లవాడి చేతికిచ్చి తొట్టిలో ముంచి చూసి రమ్మన్నాను. ముప్ఫై ఒక్క డిగ్రీలు. దుకాణంలో అమ్మిన మనిషి తిండి పొట్లం కూడా ఇచ్చాడట గానీ నీళ్ళ చల్లదనం మాట ఎత్తలేదట. మూతబిగించిన సీసాలో గడ్డకట్టించిన నీళ్ళను తొట్టిలో తేలవేస్తూ, రెండు రోజులపాటు మెల్లమెల్లగా వేడి దించారు. నాలుగో రోజున అది ఒక ఎర్ర ముక్క అందుకుంది. సీసాలు మార్చడానికి రాత్రిళ్ళు మేలుకోవలసి రావడంతో, తొట్టినీళ్ళను చల్లబరిచే చిల్లర్ కొనే స్తోమత లేక, చివరికి చిల్లర్ ఉన్న మరొక ఇంటికి ఇచ్చేశారు. పిల్లవాడు రెండు రోజులు ఏడ్చాడు. ఇచ్చేయడమే మంచిదయిందని నా అభిప్రాయం.

ఫ్యాను గాలి తొట్టిమీదికి తోలితే నీళ్ళు ఆవిరై కొంత చల్లబడతాయి. కానీ సముద్రపు తేమ ఉన్న చెన్నైలో ఆ లాభం తక్కువ. ఐసు ముక్కలు నేరుగా నీళ్ళలో పోయకూడదు. వేడి ఒక్కసారిగా పడిపోతుంది, మెట్రో వాటరు ఐసయితే అందులోని క్లోరిను కూడా కలుస్తుంది. చిల్లర్ లేకుండా ఈ జీవిని మన ప్రాంతంలో పెంచాలనుకోవడం నా దృష్టిలో దానికి అన్యాయమే.

ఇక నీళ్ళు చల్లగా ఉన్న ఇంటివాళ్ళకు తిండి సంగతి వివరంగా చెబుతాను.

ఆక్సలాటల్ నోరు ఎలా పనిచేస్తుందో ముందు తెలుసుకోవాలి. దానికి చూపు మందం. వాసనతోనూ, నీటి కదలికతోనూ ఎర దగ్గరికి వస్తుంది. వచ్చి, నోరు ఠక్కున తెరుస్తుంది. నీళ్ళతోపాటు ఎర లోపలికి కొట్టుకుపోతుంది. పళ్ళున్నాయి గానీ అవి పట్టుకోవడానికే, నమలడానికి కావు. అంతా గుటుక్కున మింగడమే. అందుచేత రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, పెట్టే ముక్క దాని తల వెడల్పు కన్నా లావుగా ఉండకూడదు. రెండోది, తొట్టి అడుగున అందానికి పోసే రంగు రాళ్ళు. ఎరతోపాటు రాయి కూడా లోపలికి పోతుంది, పేగుకు అడ్డం పడుతుంది. ఎంత మంచి తిండి పెట్టినా రాళ్ళున్న తొట్టిలో పెడితే ప్రాణానికి ముప్పే. అడుగు ఖాళీగా ఉంచండి, లేదా బాగా కడిగిన సన్నని ఇసుక పరచండి. గులకరాళ్ళు వద్దు.

ఇప్పుడు ఎర్రల మాట. సొంత కాలువల్లో ఇది తినేవి పురుగులు, నత్తలు, నీటిపురుగుల పిల్లలు, చిన్న చేపలు. పూర్తిగా మాంసాహారి. మన ఇళ్ళల్లో దొరికేవాటిలో దాని ఒంటికి అన్నివిధాలా సరిపోయేది వానపాము. మాంసకృత్తులు నిండుగా ఉంటాయి, కొవ్వు తక్కువ, సున్నపు పాలూ ఉంటుంది, మెత్తగా ఉంటుంది, మింగడానికి వీలైన ఆకారం. ఒక్క ఎర్రలతోనే పెద్ద ఆక్సలాటల్‌ను ఏళ్ళ తరబడి ఆరోగ్యంగా ఉంచవచ్చు.

ఎర్రలకు మనకు కొరత లేదు. వానపాముల మీద చెన్నైలో గొప్ప పని జరిగింది కూడా. న్యూ కాలేజీలో పనిచేసిన డాక్టర్ సుల్తాన్ అహ్మద్ ఇస్మాయిల్ మన నేలలోని దేశవాళీ వానపాములతో ఎరువు తయారుచేసే విధానాన్ని రైతులకు నేర్పుతూ వచ్చారు. ఇవాళ ఊరూరా వర్మికంపోస్టు తొట్లున్నాయి. అక్కడినుంచి గుప్పెడు ఎర్రలు తెచ్చుకుంటే ఇంట్లోనే పెంచుకోవచ్చు. అడుగున బెజ్జాలు వేసిన పాత ప్లాస్టిక్ బక్కెట్టులో తడిపిన కొబ్బరిపొట్టు, బాగా మాగిన పేడ, కూరగాయ తొక్కలు వేసి నీడన పెట్టండి. ఉల్లిపాయ, నిమ్మతొక్క, కారం ఉప్పు తగిలిన ఎంగిలి వేయకండి. గుడ్డు పెంకులు పొడిచేసి చల్లితే ఎర్రలకు సున్నం అందుతుంది, వాటి ద్వారా ఆక్సలాటల్‌కూ అందుతుంది.

కంపోస్టు ఎర్రల్లో ఒక తేడా ఉంది. సన్నగా, చారలు చారలుగా ఉండే ఐసీనియా జాతి ఎర్రను పట్టుకుంటే పసుపుపచ్చని ద్రవం కారుతుంది. అది చేదు. కొన్ని ఆక్సలాటళ్ళు నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి. అలా ఉమ్మేస్తే ఎర్రను మరిగిన నీళ్ళలో ఒక్క క్షణం ముంచి తీసి, చల్లార్చి ఇచ్చి చూడండి. లావుగా, ఊదారంగులో ఉండే యూడ్రిలస్ జాతి ఎర్రలతో ఈ బాధ తక్కువ. లావైతే ముక్కలు చేయవచ్చు.

పొలాల్లో తవ్వేవారికి ఒక హెచ్చరిక. మన జిల్లాల్లో మిరప, వరి, మామిడి తోటల్లో పురుగుమందు చల్లుతారు. మందు పడ్డ నేల ఎర్ర కడుపులో ఉంటుంది. మందు ముట్టని పెరటి మట్టిలోవే తీసుకోండి. తీసుకున్నాక ఒక రాత్రి తడిగుడ్డలో ఉంచితే కడుపులోని మట్టి పోతుంది. తరువాత క్లోరిను లేని నీళ్ళతో కడిగి పెట్టండి.

ఎంత పెట్టాలి? పెద్దదానికి రెండు మూడు రోజులకొకసారి ఒకటో రెండో పెద్ద ఎర్రలు చాలు. నాలుగైదంగుళాల పిల్లకు రోజూ కొంచెం కొంచెం. కొలత దాని ఒంటిమీదే ఉంది. పైనుంచి చూస్తే పొట్ట వెడల్పు తల వెడల్పుతో సమానంగా ఉండాలి. పొట్ట తలను మించితే తగ్గించండి, లోపలికి పోతే పెంచండి. మన పిల్లలకు ఒక ముద్ద ఎక్కువ తినిపించే అలవాటు ఇక్కడ పనికిరాదు. సాయంత్రం దీపాలు తగ్గించాక, మొన పదునుగా లేని ప్లాస్టిక్ పటకారుతో ముక్కు దగ్గర మెల్లగా ఆడిస్తే అందుకుంటుంది. పది పదిహేను నిమిషాల్లో తినకపోతే తీసివేయండి. మిగిలిన తిండి కుళ్ళితే అమ్మోనియా పుడుతుంది, ఆ ఈకల్లాంటి మొప్పలు మాడిపోతాయి.

ట్యూబిఫెక్స్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దారప్పోగుల్లాంటి ఎర్రని పురుగుల ముద్ద. రంగుచేపల దుకాణాల్లో చవకగా దొరుకుతుంది. ఇది ఎక్కడ పెరుగుతుందంటే మురుగునీళ్ళ అడుగు బురదలో. కాలువల్లోంచి తీసి, కడిగి అమ్ముతారు. పైన ఎంత కడిగినా దాని కడుపులో ఉన్నది మురుగే. సూక్ష్మక్రిములూ, ఒక్కొక్కచోట ఫ్యాక్టరీల లోహపు విషాలూ దాంతోపాటు వస్తాయి. పదిహేనేళ్ళు బతకగల జీవికి మురుగు కాలువ తిండి పెట్టడం ఎందుకు? గడ్డకట్టించి అమ్మే బ్లడ్ వర్మ్ దానికన్నా శుభ్రం. పిల్లలు ఇష్టంగా తింటాయి. కానీ అందులో నీళ్ళ పాలు ఎక్కువ, పెద్దవాటికి అదొక్కటే అయితే బలం చాలదు. మనకు మురుకుల్లాగా, దానికి చిరుతిండి.

గప్పీల వంటి బతికున్న చేపలు వేయడం కొందరికి సరదా. ఆ చేపలు తమ రోగాలనూ పరాన్నజీవులనూ వెంట తెస్తాయి. పైగా ఆక్సలాటల్ నిద్రలో ఉన్నప్పుడు దాని మొప్పల కుచ్చుల్ని పురుగులనుకుని కొరుకుతాయి. బంగారు చేపల వంటి వాటిలో బీ-వన్ విటమినును చెడగొట్టే గుణం కూడా ఉంది. కోడి కార్జం, మేక మాంసం వద్దు. ఆ కొవ్వు ఈ చల్లని ఒంటిలో అరగదు. గట్టి పెంకున్న పురుగులూ అంతే.

మరి శాకాహారుల ఇళ్ళ మాట? ఇది మన ఇళ్ళల్లో నిజంగా వచ్చే ఇబ్బంది. ఒకావిడ ఇడ్లీ ముక్క వేస్తే తినదా అని అడిగారు. తినదు, తిన్నా బతకదు. అన్నం, రొట్టె, బిస్కెట్టు దాని పొట్టకు సంబంధించినవి కావు. వంటింట్లో ఎర్రల బక్కెట్టు పెట్టలేమనే వాళ్ళకు గుళికలు ఉన్నాయి, నీళ్ళలో మునిగే మెత్తని రకం. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయంలో పరిశోధనకోసం పెంచే పెద్ద ఆక్సలాటళ్ళకు సాల్మన్ చేపలకోసం చేసే గుళికలే పెడతారు. కనుక గుళికలతో పెంచడం సాధ్యమే. కొనేటప్పుడు పొట్లం మీది అక్షరాలు చదవండి. మాంసకృత్తులు నూటికి నలభైకి పైన ఉండాలి, పదార్థాల పట్టీలో మొదటి పేరు చేపో రొయ్యో కావాలి గానీ గోధుమో సోయానో కాకూడదు. తేలే గుళికలు వద్దు. అయితే గుళికల్లోనూ ఉన్నది చేపే. జీవహింస ససేమిరా వద్దనుకునే ఇంటికి ఈ జీవి తగదు, ఆ ఇంటికి కుందేలు మేలు.

గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లల పెంపకం వేరే కథ. అవి కదిలే ఎరనే చూస్తాయి. చచ్చిన తిండిని గుర్తుపట్టవు. ఆర్టీమియా అనే ఉప్పునీటి జీవి గుడ్లను పొదిగించి, ఆ పిల్లల్ని మంచినీళ్ళతో కడిగి రోజుకు రెండుసార్లు వేయాలి. ఆకలేస్తే తోబుట్టువుల కాళ్ళే కొరుక్కుతింటాయి. ఆ కాళ్ళు మళ్ళీ మొలుస్తాయనుకోండి. ఆ మొలిచే విద్యకోసమే ప్రపంచమంతా శాస్త్రవేత్తలు దీన్ని పెంచుతున్నారు.

మందులూ టానిక్కుల జోలికి పోకండి. ముఖ్యంగా అయోడిను. తిండి ఈ జీవిని ఎంతగా మార్చగలదో 1920లోనే తేలింది. జూలియన్ హక్స్‌లీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త, తరువాత 1946లో యునెస్కోకు మొదటి డైరెక్టర్ జనరల్ అయినాయన, ఆక్సలాటళ్ళకు పశువుల థైరాయిడ్ గ్రంథి తినిపించాడు. వాటి మొప్పలు ముడుచుకుపోయి, తోక రెక్క కరిగిపోయి, నేలమీద నడిచే సాలమాండర్లుగా మారిపోయాయి. పరిశోధనశాలలో అది వింతే. ఇంట్లో అలా జరిగితే ఆ జీవి ఎక్కువకాలం బతకదు.

కొనేముందు చట్టం సంగతి కూడా చూసుకోవాలి. పుట్టినచోట ఇది దాదాపు అంతరించిపోయింది. సోచిమిల్కో కాలువల్లో 1998లో చదరపు కిలోమీటరుకు ఆరువేల దాకా లెక్కకు వస్తే, 2014లో ముప్ఫైఆరు వచ్చాయి. మురుగునీళ్ళు ఒక కారణం. తిండికోసమని అక్కడ వదిలిన గండు చేపలు, తిలాపియాలు ఇంకొక కారణం. తిలాపియా అంటే మన తమిళ సంతల్లో జిలేబీ చేప. అవి దీని గుడ్లనూ పిల్లలనూ తినేశాయి. అందుకే దీని వ్యాపారంమీద అంతర్జాతీయ ఒప్పందపు కట్టడి ఉంది. మన దేశంలో 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం కింద, 2024లో వచ్చిన నియమాల ప్రకారం, ఇటువంటి జీవిని పెంచేవారు పరివేశ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదు చేయించుకోవాలి. చేతులు మారినా, పిల్లలు పెట్టినా, చనిపోయినా తెలపాలి. అమ్మేవాడిని కాగితాలు అడగండి. కాగితం లేదంటే కొనకండి. జబ్బు చేస్తే ఇంటి వైద్యం మాని పశువైద్యుల దగ్గరికి వెళ్ళండి. చెన్నైవాళ్ళకు వేపేరిలో 1903 నుంచి ఉన్న పశువైద్య కళాశాల ఉండనే ఉంది.

ఇక కరెంటు పోయిన రోజుల సంగతి. 2023 డిసెంబరు తుఫానులో చెన్నైలో చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటప్పుడు చిల్లరూ ఆగుతుంది, నీళ్ళు శుభ్రంచేసే ఫిల్టరూ ఆగుతుంది. మొదట ఆపవలసింది తిండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఆక్సలాటల్ వారం రోజులు తినకపోయినా దానికేమీ కాదు. తిని, మలం వేసి, ఆ నీళ్ళలోనే ఉండిపోతేనే ముప్పు. కరెంటు వచ్చి, నీళ్ళు చల్లబడ్డాక మరునాడు సగం ఎర్రతో మొదలుపెట్టండి. సంక్రాంతికి ఊరు వెళ్ళేటప్పుడూ అంతే. నాలుగు రోజుల తిండి ఒకేసారి తొట్టిలో వేసి తాళం పెట్టకండి. వెళ్ళే ముందురోజు పెట్టి, పొద్దున మిగిలినవి తీసేసి బయలుదేరండి. పక్కింటివారికి తాళంచెవి ఇస్తే "తిండి వెయ్యండి" అని కాక, "రోజుకొకసారి థర్మామీటరు చూసి మాకు ఫోను చెయ్యండి" అని చెప్పండి.